బొంతయ్య దాచిన నొప్పి

అనగనగా ఒక జీడిమామిడి అడవి. అక్కడ నిలబడితే సముద్రం హోరు వినిపిస్తుంది గానీ సముద్రం కనిపించదు. ఆ అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒంటి నిండా నల్లటి బొచ్చు, అచ్చం బొంత కప్పుకున్నట్టే ఉండేవాడు. అందుకే ఆ పేరు.

బొంతయ్య మంచివాడు. గాలివానకు చెట్టు కూలి ఎవరి పొదకైనా అడ్డం పడితే, పిలవకముందే వచ్చి పక్కకు జరిపేవాడు. తేనెపట్టు దొరికితే నలుగురికీ పంచేవాడు. కానీ ఒక్క గొప్ప మాత్రం చెప్పుకునేవాడు.

"నొప్పి అంటే ఏమిటో నాకు తెలియదు. నా ఒంటికి ఏదీ తగలదు" అనేవాడు.

అడవిలో అందరూ ఆ మాట నమ్మారు. చెప్పగా చెప్పగా బొంతయ్య కూడా నమ్మాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగులో నీళ్ళు అడుగంటాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఆకు కదిలేది కాదు. బొంతయ్య ఒకరోజు తన నేస్తాలిద్దరినీ పిలిచాడు. ఒకరు దూదమ్మ అనే కుందేలు. పిల్లలందరూ పెద్దవాళ్ళై ఎవరి పొదలు వాళ్ళు చూసుకున్నాక, ఒక్కతే ఉంటోంది. ఇంకొకరు గరికయ్య అనే ముంగిస. వయసులో చిన్నవాడు, బొంతయ్యను మామా అని పిలిచేవాడు.

"సముద్రం దగ్గరికి పోదాం పదండి. నాలుగు రోజులు చల్లగా ఉండి వద్దాం" అన్నాడు బొంతయ్య.

గరికయ్య అప్పటికప్పుడే బయలుదేరాడు. దూదమ్మ మాత్రం ఆలోచించింది.

"నేనెప్పుడూ ఈ అడవి దాటి ఎరగను అన్నయ్యా. అక్కడ ఏముంటాయో, ఎలా ఉంటుందో."

"నేనున్నానుగా. నా మాట మీద రా."

ఆ మాట మీదే దూదమ్మ బయలుదేరింది.

జీడిపళ్ళు, దుంపలు మోదుగాకుల్లో మూట కట్టుకుని ముగ్గురూ నడిచారు. సరుగుడు తోపు దాటగానే ఒక్కసారిగా సముద్రం కనిపించింది. దూదమ్మ నిలబడిపోయింది. ఎంత చూసినా అవతలి గట్టు లేదు. అలలు వస్తున్నాయి, విరుగుతున్నాయి, మళ్ళీ వస్తున్నాయి.

బొంతయ్య బస కోసం చోటు వెతికాడు. ఉప్పుటేరు వచ్చి సముద్రంలో కలిసే చోట మొగలి పొదలున్నాయి. పొదల కింద చిక్కటి నీడ. "ఇదే మన చోటు" అన్నాడు.

అప్పుడు ఇసుకలోని బొరియలోంచి ఒక ఎర్రపీత బయటికి వచ్చింది. ఆమె పేరు కెంపమ్మ. ఆ తీరంలోనే పుట్టి పెరిగింది.

"ఇక్కడ పడుకుంటారా? ఎండ తగ్గితే ఈ ఏటి ఒడ్డున ఇసుక ఈగలు లేస్తాయి. కనపడవు గానీ కుట్టి చంపుతాయి. ఆ ఇసుకదిబ్బ ఎక్కండి. అక్కడ గాలి ఎక్కువ. గాలికి అవి నిలవలేవు" అంది.

"దిబ్బ మీద నీడ లేదు. ఈగలకు భయపడి ఎండలో మాడమంటావా?" అన్నాడు బొంతయ్య.

కెంపమ్మ బొరియలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం పొద్దు వాలింది. గాలి ఆగింది. ఆమె చెప్పినట్టే ఈగలు లేచాయి. ఒక్కొక్కటి ఆవగింజలో సగం ఉంటుంది. కుట్టేదాకా వాలిందని తెలియదు. కుట్టాక మాత్రం నిప్పురవ్వ పడ్డట్టు మంట. గరికయ్య ముక్కు పట్టుకుని అటూ ఇటూ గెంతాడు. దూదమ్మ చెవుల లోపలి చర్మం పల్చగా ఉంటుంది కదా, ఈగలన్నీ అక్కడే వాలాయి. ఆమె చెవులు విదిలించింది, కాళ్ళతో గోక్కుంది, ఇసుకలో తల దూర్చింది.

బొంతయ్యకు ఏమీ కాలేదు. అంత బొచ్చు దాటి ఈగ లోపలికి ఎలా వెళ్తుంది? వాడు దూదమ్మను చూసి పడీ పడీ నవ్వాడు.

"ఇంత పురుగుకు ఇంత గోలా?" అంటూ రెండు చేతులూ తల మీద చెవుల్లా పెట్టుకుని, దూదమ్మ ఎలా గెంతిందో గెంతి చూపించాడు. గరికయ్య కూడా తన మంట మరిచిపోయి నవ్వేశాడు. బొంతయ్యకు హుషారు వచ్చింది. మళ్ళీ గెంతి చూపించాడు.

దూదమ్మ కూడా నవ్వినట్టే మొహం పెట్టింది. తర్వాత చెవులు రెండూ వీపుకు అణచుకుని, మొగలి ఆకుల మధ్యకు జరిగి, అటు తిరిగి పడుకుంది.

మర్నాడు తెల్లవారింది. మిగతా ఇద్దరూ లేవకముందే బొంతయ్య ఒడ్డుకు వెళ్ళాడు. పోటు తగ్గి తడి ఇసుక మెరుస్తోంది. ఆ ఇసుక అంచున, లోతులేని నీళ్ళలో, ఏదో తళుక్కుమంది. గుండ్రంగా, మెత్తగా, అటు పక్క కనిపించేంత స్వచ్ఛంగా ఉంది.

"తాటిముంజె" అనుకున్నాడు బొంతయ్య.

వేసవిలో ముంజెలంటే వాడికి ప్రాణం. సముద్రంలోకి ముంజె ఎలా వచ్చిందని ఆలోచించలేదు. పక్కవాళ్ళు లేచేలోపు తినేద్దామనుకున్నాడు. గబుక్కున అరచేత్తో తీశాడు.

అంతే. అరచెయ్యి భగ్గుమంది. బొంతయ్య అరచేతికి బొచ్చు లేదు. ముంజె కింద సన్నటి దారపు పోగులు వేలాడుతున్నాయి. అవి వేళ్ళ చుట్టూ, అరచేతి నిండా చుట్టుకున్నాయి. చుట్టుకున్న చోటల్లా వాత పెట్టినట్టు కాలింది.

వాడు దాన్ని విసిరేసి ఇసుకతో చెయ్యి గరగరా రుద్దుకున్నాడు. మంట ఇంకా పెరిగింది. దిబ్బ వెనక మంచినీళ్ళ చెలమ ఉంటే అక్కడికి పరుగెత్తి చెయ్యి ముంచాడు. మంట మోచేతి దాకా పాకింది. కళ్ళు తిరిగాయి. ఏం చేయాలో తోచక తిరిగి సముద్రం దగ్గరికే వచ్చి, అలలో చెయ్యి పెట్టి కూలబడ్డాడు. ఉప్పునీళ్ళు వచ్చి వచ్చి తగిలాయి. మిగిలిన పోగులు ఒక్కొక్కటే వదిలి కొట్టుకుపోయాయి. అప్పుడు కొంచెం ఊపిరి ఆడింది.

బొంతయ్య కళ్ళ నిండా నీళ్ళు. వాడికి అదే మొదటిసారి నొప్పితో ఏడవడం.

"వెళ్ళి చెప్పాలి" అనుకుని లేచాడు. రెండడుగులు వేశాడు. ఇంతలో రాత్రి తను గెంతిన గెంతులు గుర్తుకు వచ్చాయి. ముంజె అనుకుని ఏదో పట్టుకుని ఏడ్చానని చెబితే గరికయ్య ఎలా గెంతి చూపిస్తాడో కళ్ళకు కట్టింది. పైగా తనే కదా వీళ్ళను ఇక్కడికి తీసుకొచ్చింది. ఈ సంగతి తెలిస్తే ఈ పూటే మూట సర్దేస్తారు. అడవిలో అందరికీ తెలిసిపోతుంది.

బొంతయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

దారిలో కెంపమ్మ ఎదురైంది. "ఆ చెయ్యి అలా పట్టుకున్నావేమయ్యా?" అని అడిగింది.

"ఏం లేదు. గుల్ల గీసుకుంది" అన్నాడు.

ఆమెకు ఏటి అవతల పని ఉంది. సరేనని వెళ్ళిపోయింది.

పొదల దగ్గర గరికయ్య లేచి ఉన్నాడు. "చెయ్యి ముడుచుకున్నావేం మామా?"

"జీడిపండు తిన్నాను కదా. జీడి అంటుకుని చెయ్యి పొక్కింది."

గరికయ్య నమ్మాడు. జీడి అంటితే పొక్కడం అడవిలో అందరికీ తెలిసిందే.

దూదమ్మ లేచింది. ఆమె చెవులు రెండూ వాచి ఎర్రగా ఉన్నాయి. కళ్ళు సరిగా తెరవలేకపోతోంది. ఆమె నెమ్మదిగా బొంతయ్య దగ్గరికి వచ్చి కూర్చుంది.

"దురద భరించలేకపోతున్నాను అన్నయ్యా. ఉప్పునీళ్ళు తగిలితే తగ్గుతుందేమో. నీళ్ళలో దిగుదామా అనుకుంటున్నాను. నువ్వు పొద్దున్నే వెళ్ళి వచ్చావుగా. లోపల భయపడాల్సింది ఏమైనా ఉందా?"

బొంతయ్య ఆమె చెవుల వంక చూశాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరికి వచ్చింది. అక్కడే ఆగింది. "ఒక్కటే కదా ఉంది. దాన్ని నేను విసిరేశాను. ఈపాటికి ఎటో కొట్టుకుపోయి ఉంటుంది" అని తనకు తనే సర్ది చెప్పుకున్నాడు.

"ఏమీ లేదు చెల్లీ. హాయిగా ఉంది. వెళ్ళు" అన్నాడు.

దూదమ్మ వెళ్ళింది. మొదట ముందుకాళ్ళు తడిపింది. అల వచ్చి పొట్టకు తగిలితే వెనక్కి గెంతింది. ఇంకో అలకు గెంతలేదు. మూడో అలకు తలంతా ముంచి లేచింది. చల్లటి నీళ్ళు తగిలి చెవుల మంట తగ్గినట్టుంది, వెనక్కి తిరిగి బొంతయ్యను చూసి నవ్వింది. అడవి వదిలి వచ్చాక ఆమె మనసారా నవ్వడం అదే మొదలు.

బొంతయ్య కూడా నవ్వబోయాడు. ఆమె వెనక నీళ్ళలో తళతళమంటూ ఏదో కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. వాటి వెనక, అల లేచినప్పుడల్లా, మరెన్నో.

వాడు అరిచేలోపే దూదమ్మ అరిచింది.

బొంతయ్య నీళ్ళలోకి ఉరికాడు. ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకుని ఒడ్డుకు తెచ్చి ఇసుక మీద పడుకోబెట్టాడు. దారపు పోగులు ఆమె మెడ చుట్టూ, చెవుల మీద, పొట్ట మీద చుట్టుకుని ఉన్నాయి. అంత పెద్ద ఒళ్ళు గల వాడి చెయ్యినే అది అలా కాల్చింది. ఈమె ఒళ్ళెంత? దూదమ్మ కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఊపిరి అందడం లేదు.

గరికయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సముద్రపు పాము కరిచినట్టుంది. ముందు ఇసుకతో గట్టిగా రుద్దుదాం మామా. తర్వాత చెలమ దగ్గరికి తీసుకెళ్ళి మంచినీళ్ళతో కడుగుదాం" అంటూ గుప్పెడు ఇసుక తీశాడు.

బొంతయ్యకు తన చెయ్యి గుర్తొచ్చింది. ఇసుకతో రుద్దినప్పుడు ఏమైందో, చెలమ నీళ్ళు తగిలినప్పుడు ఏమైందో వాడికి తెలుసు. ఆ సంగతి తెలిసినవాడు అక్కడ తనొక్కడే. చెబితే, పొద్దుటి నుంచి చెప్పినవన్నీ అబద్ధాలని తేలిపోతాయి. చెప్పకపోతే దూదమ్మ బతకదు.

ఈసారి బొంతయ్య ఆలోచించలేదు.

"ఇసుక వద్దు. మంచినీళ్ళు వద్దు. పొద్దున నేను ఆ రెండూ చేశాను. రెండింటికీ మంట పెరిగింది. సముద్రపు నీళ్ళతోనే తగ్గింది."

గరికయ్య చేతిలో ఇసుక అలాగే ఉండిపోయింది. "పొద్దున నువ్వు చేశావా? ఎందుకు?"

"ఇదే నన్నూ కుట్టింది. జీడి కాదు. నీకు అబద్ధం చెప్పాను. తనకూ అబద్ధం చెప్పాను. తర్వాత ఎన్నైనా అను. ముందు నీళ్ళు పట్టుకురా. సముద్రంలోవే."

గరికయ్య కొబ్బరి చిప్పతో సముద్రపు నీళ్ళు తెచ్చి పోశాడు. బొంతయ్య పోగుల్ని చేత్తో తీయబోతుంటే అప్పుడే ఏరు దాటి వచ్చిన కెంపమ్మ ఆపింది.

"చేత్తో ముట్టకు. పుల్లతో ఎత్తి తియ్యి. లాగకు, నలపకు. ఇవి జెల్లీ చేపలు. చచ్చి ఒడ్డున పడ్డా వీటి పోగులు కుడతాయి."

బొంతయ్య సరుగుడు పుల్ల తీసుకుని ఒక్కొక్క పోగూ ఎత్తి దూరంగా పడేశాడు. వాడి చెయ్యి వాచి వేళ్ళు ముడవడం లేదు. అయినా పుల్ల వదల్లేదు. గరికయ్య నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

అన్నీ తీశాక కెంపమ్మ బొంతయ్య అరచెయ్యి చూసింది.

"గుల్ల గీసుకుందన్నావు."

బొంతయ్య తల దించుకున్నాడు.

"గాలి ఇటు మళ్ళినప్పుడు ఇవి గుంపులుగా కొట్టుకొస్తాయి. ఒకటి కనిపించిందంటే వెనక బోలెడు ఉన్నట్టే. పొద్దున ఆ ఒక్క మాట నాకు చెప్పి ఉంటే, నీళ్ళలో అడుగు పెట్టవద్దని మీ అందరికీ చెప్పేదాన్ని" అంది కెంపమ్మ. కోప్పడలేదు. అందుకే బొంతయ్యకు ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

వాడు దూదమ్మను ఎత్తుకుని దిబ్బ మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ గాలి హోరున వీస్తోంది. ఒక్క ఈగ లేదు. నీడ కూడా లేదు. బొంతయ్య ఆమెకూ ఎండకూ మధ్య కూర్చున్నాడు. పొద్దు జరిగినకొద్దీ వాడూ జరిగాడు. ఆ నల్లటి బొచ్చులో ఎండ ఎంత కాలుస్తుందో మీరే ఊహించుకోండి. గరికయ్య వచ్చి "కాసేపు నేను కూర్చుంటాను మామా" అన్నాడు. "నీ నీడ చాలదురా" అన్నాడు బొంతయ్య.

దూదమ్మ ఊపిరి ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి వచ్చింది. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. బొంతయ్య ఆమె పొట్ట లేవడం, పడడం చూస్తూ కూర్చున్నాడు. సముద్రం వంక ఒక్కసారి కూడా చూడలేదు.

ఎండ చల్లబడే వేళకు ఆమె ఊపిరి నిలకడగా వచ్చింది. కళ్ళు తెరిచింది.

"గరికయ్యతో నువ్వన్నది విన్నాను" అంది నీరసంగా. "నిన్నూ కుట్టిందిగా. నేను అడిగేటప్పటికే."

"అవును చెల్లీ."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు నవ్వుతారనుకున్నాను."

దూదమ్మ నెమ్మదిగా అంది.

"నిన్న నన్ను చూసి నువ్వు నవ్వావు. అందుకని నిన్ను చూసి నేనూ నవ్వుతాననుకున్నావు. నేను నవ్వేదాన్ని కాదు అన్నయ్యా. కుడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా."

బొంతయ్య "తప్పు చేశాను" అన్నాడు.

"నాకు నిద్ర వస్తోంది" అని దూదమ్మ అటు తిరిగింది. ఆ సాయంత్రం ఇక వాడితో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే బొంతయ్య ఒడ్డుకు వెళ్ళి తడి ఇసుక మీద కూర్చున్నాడు. కాసేపటికి సరుగుడు తోపులోంచి ఒక నక్క, ఆమె పిల్లలు దిగి వచ్చారు. పిల్లలు నీళ్ళ వైపు పరుగు తీశారు. బొంతయ్య లేచి అడ్డం నిలబడ్డాడు.

"నీళ్ళలో జెల్లీ చేపలున్నాయమ్మా. వాటిని ముట్టుకుంటే ఇలా అవుతుంది" అంటూ తన చెయ్యి చాపి చూపించాడు. వాతలు తేలి, పొక్కులు లేచి, అరచెయ్యి చూడడానికే భయంగా ఉంది.

నక్క ఆ చేతిని చూసింది. "ఇంత ఒళ్ళు పెట్టుకుని నువ్వెలా కుట్టించుకున్నావు?"

"తాటిముంజె అనుకుని తినబోయాను."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నక్కకు కూడా నవ్వు ఆగలేదు. బొంతయ్య మొహం వేడెక్కింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నవ్వండి, పర్లేదు. నీళ్ళలోకి మాత్రం పోకండి. ఒడ్డున పడి ఉన్నవాటినీ ముట్టుకోకండి. ఏటి పక్కన పడుకోకండి, ఈగలు కుడతాయి. దిబ్బ మీద పడుకోండి."

నక్క నవ్వు మానింది. పిల్లల్ని వెనక్కి పిలిచింది. వాళ్ళు దూరంగా పొడి ఇసుకలో ఆడుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ముళ్ళపందులు రెండు వచ్చాయి. బొంతయ్య వాటికీ చెయ్యి చూపించాడు. ముంజె సంగతి వాటికీ చెప్పాడు. ఆ తర్వాత ఒక అడవిపంది వచ్చింది. దానికీ చెప్పాడు.

దూదమ్మ దిబ్బ మీద నుంచి ఇదంతా చూస్తోంది. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో మాటలు వినపడకపోయినా ఆమెకు అర్థమైంది.

పొద్దు కాస్త పైకి వచ్చాక ఆమె మెల్లగా దిబ్బ దిగింది. నడక ఇంకా తూలుతోంది. కొబ్బరి చిప్పలో సముద్రపు నీళ్ళు గరికయ్య చేత తెప్పించుకుంది. బొంతయ్య ఎదురుగా వచ్చి కూర్చుంది.

"చెయ్యి ఇలా పెట్టు" అంది.

"నువ్వు పడుకో చెల్లీ. నాకేం..."

మాట సగంలో ఆపేశాడు. దూదమ్మ వాడి మొహంలోకి చూస్తూ ఉంది.

బొంతయ్య చెయ్యి ఆమె ముందు పెట్టాడు. నిన్నటి నుంచి ఆ చేతిని ఎవరూ పట్టించుకోలేదు, వాడితో సహా. వేళ్ళ సందుల్లో ఇసుక అతుక్కుపోయి ఉంది. దూదమ్మ కొంచెం కొంచెంగా నీళ్ళు పోసి ఆ ఇసుక వదిలించింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఉంది" అన్నాడు బొంతయ్య. "చాలా నొప్పిగా ఉంది."

"మరి నెమ్మదిగా పోస్తాను" అంది దూదమ్మ.

నీతి: నీకు తగిలిన దెబ్బను సిగ్గుపడి దాచుకోకు, నువ్వు చెప్పే ఒక్క మాట, నీ వెనక వచ్చేవాళ్ళకు ఆ దెబ్బ తగలకుండా కాపాడుతుంది.